టూరిస్టులు 20 లక్షలు వచ్చారు, డాలర్లు ఎటుపోయాయి?

2024లో మాల్దీవులకు 20 లక్షల మందికి పైగా టూరిస్టులు వచ్చారు. అప్పటిదాకా ఆ దేశ చరిత్రలో ఒక్క ఏడాదిలో అంతమంది ఎప్పుడూ రాలేదు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ పనిచేసే విదేశీయులను కలుపుకున్నా దేశంలో ఉండేది 5 లక్షల 15 వేల మందే. అంటే జనాభాకు దాదాపు నాలుగు రెట్ల మంది వచ్చి, రోజుకు వందల డాలర్లు ఖర్చుపెట్టి వెళ్లారు.

అదే ఏడాది మధ్యకల్లా ఆ దేశపు కేంద్ర బ్యాంకు దగ్గర వెంటనే వాడుకోగలిగిన విదేశీ మారకద్రవ్యం 5 కోట్ల డాలర్ల కంటే కిందికి పడిపోయింది. దాదాపు అన్నీ బయటి నుంచే తెచ్చుకునే దేశానికి అది వారం రోజుల దిగుమతులకు కూడా చాలదు. ఆగస్టులో దేశంలోని అతి పెద్ద బ్యాంకు ఒక ఆదివారం రుఫియా (ఆ దేశపు కరెన్సీ) ఖాతాల కార్డులతో విదేశాలకు చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించింది. జనం గగ్గోలు పెట్టడంతో, కేంద్ర బ్యాంకు కల్పించుకోవడంతో అదే రోజు ఆ మాట వెనక్కి తీసుకుంది. కొద్ది రోజులకే, దేశాలకు అప్పు తీర్చే శక్తి ఎంతుందో అంచనా వేసే ఫిచ్ సంస్థ ఆ దేశపు రేటింగును సీసీకి దించింది. అప్పు తీర్చలేక చేతులెత్తేసే అవకాశం బాగా ఉందని దాని అర్థం. 2021లో సుకుక్ అనే ఇస్లామిక్ బాండ్ల మీద తెచ్చిన 50 కోట్ల డాలర్లకు కిస్తీ కట్టగలరా లేదా అని పెట్టుబడిదారులకు టెన్షన్ పట్టుకుంది. చివరికి అక్టోబర్‌లో మన రిజర్వ్ బ్యాంకు 40 కోట్ల డాలర్లు, దానికి తోడు 3,000 కోట్ల రూపాయల మేర మారక ఒప్పందం (తమ కరెన్సీ ఇచ్చి వేరే కరెన్సీ తీసుకుని, గడువుకు తిరిగి ఇచ్చేసే ఏర్పాటు) ఇవ్వడంతో గండం గట్టెక్కింది.

గదులన్నీ నిండిన ఏడాదే గల్లా పెట్టె ఖాళీ అయింది. ఇది ఎలా సాధ్యమో అర్థమైతే, టూరిజం మీద ఒక చిన్న దేశం బతకగలదా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఎంతమంది వచ్చారన్న లెక్కను ప్రతి ప్రభుత్వమూ గొప్పగా ప్రకటిస్తుంది. వచ్చిన డాలరులో ఎంత దేశంలో నిలిచింది, నిలిచిన దానితో ఏం చేశారు అన్న లెక్క మాత్రం పెద్దగా ఎవరూ అడగరు. అడగాల్సింది అదే.

చేపల దేశం హోటళ్ల దేశమైన తీరు

మాల్దీవుల్లో దాదాపు 1,200 చిన్న చిన్న దీవులున్నాయి. జనం ఉండేది 200 లోపు దీవుల్లోనే. వరి పండదు, గోధుమ పండదు, నదులు లేవు, గనులు లేవు. శతాబ్దాల పాటు ఆ దేశం ట్యూనా చేపను పట్టి, ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి శ్రీలంకకు అమ్ముకుని బతికింది. 1970ల మొదట్లో శ్రీలంకకే విదేశీ మారకద్రవ్యం కరువొచ్చి ఆ కొనుగోళ్లు తెగ్గోసింది. దక్షిణాన గాన్ దీవిలో ఉన్న బ్రిటిష్ వైమానిక స్థావరం కూడా 1976లో మూతపడింది. ఉన్న ఒకటి రెండు ఆదాయాలూ అలా ఒకదాని వెంట ఒకటి పోయాయి.

టూరిజం మొదలైంది సరిగ్గా ఆ కాలంలోనే. అంతకుముందు 1960ల్లో వచ్చిన ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఈ దీవులు టూరిజానికి పనికిరావని చెప్పి వెళ్లింది. బ్యాంకు లేదు, సరైన విమానాశ్రయం లేదు, కరెంటు అంతంత మాత్రం, కాబట్టి వాళ్ల మాటలో తప్పు పట్టడానికి లేదు. కానీ 1972 ఫిబ్రవరిలో జార్జ్ కార్బిన్ అనే ఇటలీ ట్రావెల్ ఏజెంటు కొంతమందిని వెంటబెట్టుకొచ్చాడు. అదే ఏడాది అక్టోబర్‌లో రాజధాని మాలే పక్కనే కురుంబా అనే రిసార్ట్ 30 గదులతో తెరుచుకుంది. 1981లో హుల్‌హులే విమానాశ్రయం అంతర్జాతీయ స్థాయికి ఎదిగాక యూరప్ నుంచి నేరుగా విమానాలు దిగడం మొదలైంది.

ఆ తర్వాత జరిగిన మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. ప్రపంచంలోని కడు పేద దేశాల్లో ఒకటిగా ఉన్న చోట ఇప్పుడు తలసరి ఆదాయం దక్షిణాసియాలో అందరికంటే ఎక్కువ. సగటు మనిషి 80 ఏళ్ల దాకా బతుకుతున్నాడు. 2012 నుంచి పౌరులందరికీ ఆరోగ్య బీమా ఉంది. 2011 జనవరి 1న ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని అతి వెనకబడిన దేశాల జాబితాలోంచి తీసేసింది. అలా ఆ జాబితాలోంచి బయటపడ్డ దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. చేపలతోనే ఉండిపోయి ఉంటే ఇందులో చాలా భాగం జరిగేది కాదు. టూరిజం చిన్న దేశానికి పనికిరాదని వాదించేవాళ్లు ముందు ఈ యాభై ఏళ్ల చరిత్రకు జవాబు చెప్పాలి.

ఒక రాత్రి బిల్లు

ఇప్పుడు డబ్బు దారి చూద్దాం. హైదరాబాద్ నుంచి ఒక జంట రిసార్ట్‌లో గది తీసుకుందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి గది అద్దె రాత్రికి 500 డాలర్లు అనుకుందాం. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, అంటే 50 డాలర్లు. ఈ మొత్తం మీద టూరిజం జీఎస్టీ 17 శాతం, అంటే దాదాపు 94 డాలర్లు. మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్, ఇద్దరికీ 24. బిల్లు 668 డాలర్ల దాకా అవుతుంది. ఇవి 2025లో పెరిగిన రేట్లు. 2011లో ఈ జీఎస్టీ మొదలైనప్పుడు 3.5 శాతమే.

ఇందులో ప్రభుత్వానికి నేరుగా వచ్చేది 118 డాలర్లు. సర్వీస్ చార్జిని చట్టప్రకారం సిబ్బందికి పంచాలి. ఇక అసలు 500 డాలర్ల సంగతి. అందులో ముందుగా బుకింగ్ సైటుకో, ట్రావెల్ ఏజెంటుకో కమీషన్ పోతుంది. ఆ జంట హైదరాబాద్‌లోనే ప్యాకేజీ కొనుక్కుంటే డబ్బులో కొంత భాగం మాల్దీవుల మొహమే చూడదు. రిసార్ట్ నడిపేది అంతర్జాతీయ హోటల్ కంపెనీ అయితే బ్రాండు పేరుకు, నిర్వహణకు ఫీజు దాని సొంత దేశానికి వెళ్తుంది. కట్టడానికి తెచ్చిన అప్పుకు వడ్డీ సింగపూర్‌లోనో, కొలంబోలోనో బ్యాంకుకు చేరుతుంది. విమాన టికెట్టు డబ్బులు వేరే లెక్క, వాటిలో ఎక్కువ భాగం విదేశీ విమాన సంస్థలదే.

ఇక పొద్దున బఫేలో ఏముంటుందో చూడండి. చేప స్థానికమే, కొబ్బరి స్థానికమే. బియ్యం, పిండి, గుడ్లు, పాలు, వెన్న, మాంసం, పళ్లు, కాఫీ గింజలు దాదాపు అన్నీ ఓడల్లోనో, విమానాల్లోనో రావాలి. 1981లో మన దేశంతో కుదిరిన వాణిజ్య ఒప్పందం కింద గుడ్లు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, బియ్యం, గోధుమపిండి, పంచదార, పప్పుకు ఏటా కోటా ఉంటుంది. మనం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు కూడా ఆ కోటా సరుకు వాళ్లకు అందుతుంది. ఆ జాబితాలో నది ఇసుక, కంకర కూడా ఉన్నాయి. చుట్టూ ఇసుక తిన్నెలున్న దేశం, ఇల్లు కట్టడానికి ఇసుక కొని తెచ్చుకోవాలి.

ఆ గదిలో ఏసీ నడిచేది డీజిల్ జనరేటర్ మీద. షవర్‌లో వచ్చే మంచినీళ్లు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి చేసినవి, దానికీ డీజిలే కావాలి. ఆ డీజిలంతా దిగుమతే. సౌర ఫలకాలు వస్తున్నాయి గానీ ఇంకా మొదటి అంచెలోనే ఉన్నాయి. గది ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, కట్టడం పనివాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, నేపాల్ నుంచి వెళ్లినవాళ్లు. దేశంలో ఉండే ప్రతి నలుగురిలో ఒకరు విదేశీయులే. వాళ్లు జీతంలో మిగిల్చింది ఇంటికి పంపుకుంటారు. 2020 మేలో కోవిడ్ లాక్‌డౌన్‌లో చిక్కుకున్న మనవాళ్లను తీసుకురావడానికి విశాఖ కేంద్రంగా ఉండే ఐఎన్ఎస్ జలాశ్వ మాలేకు వెళ్లి, మొదటి ట్రిప్పులో 698 మందిని కొచ్చికి చేర్చింది. పని ఆగిపోయి వెనక్కి తిరిగినవాళ్లు వాళ్లలో ఎందరో.

ఇలా వచ్చిన డబ్బు వచ్చినట్టే బయటికి పోవడాన్ని ఆర్థికవేత్తలు లీకేజీ అంటారు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ అంక్టాడ్ అంచనా ప్రకారం చిన్న ఆర్థిక వ్యవస్థల్లో టూరిజం రాబడిలో 40 నుంచి 50 శాతం ఇలా తిరిగి వెళ్లిపోతుంది. పొలాలు, ఫ్యాక్టరీలు ఉన్న అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇది 10 నుంచి 20 శాతమే. ఈ తేడాకు కారణం హోటళ్లవాళ్ల దుర్బుద్ధి కాదు. థాయిలాండ్‌లో హోటలుకు కోడిగుడ్లు పక్క జిల్లా నుంచి వస్తాయి, మాల్దీవుల్లో పక్క దేశం నుంచి రావాలి, అంతే. దేశం ఎంత చిన్నదైతే టూరిస్టుకు కావలసిన వస్తువుల్లో అంత తక్కువ అక్కడ తయారవుతాయి.

పైగా మాల్దీవులు ఎంచుకున్న పద్ధతి ఒకటుంది. ఒక దీవికి ఒక రిసార్ట్. దీవి ప్రభుత్వానిది, కంపెనీకి దశాబ్దాల లీజుకు ఇస్తారు. పొలం కౌలుకిచ్చిన ఆసామికి పంట ఎంత బాగా పండినా చేతికొచ్చేది కౌలే అయినట్టు, ఇక్కడ ప్రభుత్వానికి దక్కేది అద్దె, పన్నులు. అద్దెను 2010 తర్వాత పడకల సంఖ్యను బట్టి కాకుండా దీవి విస్తీర్ణాన్ని బట్టి కట్టించుకుంటున్నారు. అంటే గది రాత్రికి 200 డాలర్లయినా, 2,000 డాలర్లయినా అద్దె మారదు. రాబడి పెరిగితే దానితోపాటు పెరిగేది ప్రధానంగా జీఎస్టీయే. దాన్ని 17 శాతం దాకా ఎందుకు పెంచుకుంటూ పోయారో దీన్నిబట్టి తెలుస్తుంది.

కౌలు మీద బతికే ప్రభుత్వానికి ఇంకో ప్రమాదం ఉంది. దీవులు ఎవరికివ్వాలో తేల్చేది కొద్దిమంది చేతుల్లో ఉంటుంది. 2014, 2015ల్లో పోటీ టెండర్లు లేకుండా పదుల సంఖ్యలో దీవులను, సముద్రపు మడుగులను లీజుకిచ్చి, ఆ డబ్బును పక్కదారి పట్టించారు. దాదాపు 8 కోట్ల డాలర్లు పోయాయని 2016లో ఆడిటర్ జనరల్ నివేదిక తేల్చింది. కాఫీ రైతులూ, నేత కార్మికులూ లక్షలమంది ఉన్న దేశంలో ఆదాయం లక్ష చోట్ల పుడుతుంది కాబట్టి ఒకే చోట అంత మింగేయడం కష్టం. దీవులు లీజుకిచ్చే దేశంలో ఒక సంతకం చాలు.

రికార్డు ఏడాదిలో డాలర్ల కరువు

ఇప్పుడు 2024కు వద్దాం. మాల్దీవుల కరెన్సీ రుఫియా. డాలరుకు 15.42 రుఫియాలుగా 2011 నుంచి దాదాపు కదలకుండా కట్టేశారు. బ్యాంకులో దొరికితే డాలరు ఆ ధరకే. కానీ దొరకదు. బయట బ్లాక్ మార్కెట్లో 2024లో 17, 18 రుఫియాలు పెట్టాల్సి వచ్చింది. ఈ తేడా ఉన్నంతకాలం డాలర్లు చేతిలో ఉన్న ఎవరైనా వాటిని బ్యాంకుకు ఎందుకమ్ముతారు?

రిసార్టుకు రాబడి డాలర్లలో వస్తుంది. పన్నులు, అద్దె డాలర్లలోనే కడుతుంది. సరుకులు డాలర్లలోనే కొంటుంది. రుఫియాతో దానికి పని చాలా తక్కువ, స్థానిక సిబ్బంది జీతాలకు, చిల్లర ఖర్చులకు తప్ప. కాబట్టి మిగిలింది విదేశీ ఖాతాలోనే ఉంచుకోవచ్చు. చట్టం కూడా చాలాకాలం అడ్డుచెప్పలేదు. మరోపక్క మాలేలో కిరాణా కొట్టు నడిపే మనిషికి ఉల్లిపాయలు తెప్పించడానికి డాలర్లు కావాలి. బిడ్డను బెంగళూరులో చదివించే తండ్రికి, తిరువనంతపురంలో ఆపరేషన్ చేయించుకోవాల్సిన తల్లికి డాలర్లు కావాలి. వీళ్లంతా బ్యాంకు ముందు వరస కట్టి, పరిమితి అయిపోయిందని చెప్పించుకుని, బ్లాక్‌లో ఎక్కువిచ్చి కొనుక్కుంటారు. రోజూ టూరిస్టులను చూసే ఊళ్లో డాలరు కరువంటే ఆ మనుషులకు ఎంత మంటగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వానికి పన్నుల రూపంలో డాలర్లు వస్తున్నాయి కదా, అవి ఏమయ్యాయి? ఇక్కడ తప్పు టూరిజానిది కాదు. విమానాశ్రయ విస్తరణ, వంతెనలు, సముద్రాన్ని పూడ్చి కట్టిన హుల్‌హుమాలే నగరం, వేల ఇళ్లు, ఇవన్నీ చైనా నుంచి, మన దేశం నుంచి, బాండ్ల మార్కెట్ల నుంచి తెచ్చిన అప్పుల మీద లేచాయి. 2018లో తెరిచిన వంతెన మాలే వాసులకు నిజంగా పనికొచ్చిందే, వృథా అని అనను. కానీ జీడీపీని మించిపోయిన అప్పు నెత్తిన పడింది. డీజిలు, కరెంటు, బియ్యం, పిండి, పంచదార మీద సబ్సిడీలు, ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగాలు, ఉచిత వైద్యం తోడయ్యాయి. టూరిజం బాగున్న ఏళ్లలో ఈ ఖర్చులన్నీ ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. అవి శాశ్వతంగా ఉండిపోయాయి. ఆదాయం మాత్రం సీజన్‌ను బట్టి, ఎక్కడో జరిగే యుద్ధాన్ని బట్టి, రాజకీయాన్ని బట్టి ఊగుతుంది.

ఆ ఊగిసలాట ఎంత పెద్దదో చెప్పడానికి మూడు సందర్భాలు చాలు. 2004 డిసెంబర్ 20న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం మాల్దీవులను అతి వెనకబడిన దేశాల జాబితాలోంచి తప్పించే తీర్మానం చేసింది. సరిగ్గా ఆరు రోజులకు సునామీ వచ్చి, వంద మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. నష్టం దేశ జీడీపీలో 62 శాతమని అంచనా వేశారు. జాబితాలోంచి బయటపడటం ఏళ్లపాటు వాయిదా పడింది. 2020లో కోవిడ్‌తో మార్చి చివర్లో సరిహద్దులు మూశారు, మూడున్నర నెలలు టూరిస్టు అన్నవాడు రాలేదు. ఆ ఏడాది జీడీపీ మూడో వంతు కుప్పకూలింది. 2024 జనవరిలో మన ప్రధాని లక్షద్వీప్ ఫొటోల మీద అక్కడి ముగ్గురు ఉపమంత్రులు సోషల్ మీడియాలో నోరు పారేసుకున్నారు. వాళ్లను సస్పెండ్ చేసినా మనవాళ్ల కోపం చల్లారలేదు. అంతకుముందు ఏడాది 2 లక్షల పైచిలుకుతో మొదటి స్థానంలో ఉన్న భారతీయ టూరిస్టులు ఆ ఏడాది దాదాపు లక్షా 30 వేలకు తగ్గారు. చైనా నుంచి, యూరప్ నుంచి వచ్చినవాళ్లతో మొత్తం సంఖ్య నిలబడింది కానీ, కొన్ని పోస్టులతో ఒక దేశపు అతి పెద్ద మార్కెట్టు దెబ్బతినగలదని అందరికీ తెలిసొచ్చింది.

టూరిజం తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అది ఎంత వేగంగా పడుతుందో అంత వేగంగా లేస్తుంది కూడా. 2020 జులై 15న తలుపులు తెరిచిన మాల్దీవులకు 2021లోనే 13 లక్షల మంది వచ్చారు. ఒక దీవిలో ఒకే రిసార్ట్ ఉండటంతో జనానికి దూరంగా ఉండొచ్చన్న ధైర్యం కలిగింది. ఆ రోజుల్లో మన సినిమావాళ్ల ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే మాల్దీవుల ఫొటోలే. చెరకు తోటో, బట్టల ఫ్యాక్టరీయో మూతపడితే అంత తొందరగా కోలుకోదు.

మారిషస్ ఎందుకు తక్కువ దెబ్బతింది

2020లోనే మారిషస్‌కు కూడా విమానాలు ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది అక్కడికి దాదాపు 13 లక్షల 80 వేల మంది టూరిస్టులు వచ్చారు, మాల్దీవులకు 17 లక్షలు. రెండూ హిందూ మహాసముద్రంలో దీవులే, రెండింటికీ బీచ్‌లే పెట్టుబడి. అయినా 2020లో మారిషస్ జీడీపీ తగ్గింది 15 శాతం దాకా. అదీ పెద్ద దెబ్బే, కానీ మాల్దీవులు తిన్నదాంట్లో సగం కంటే తక్కువ.

మారిషస్ తెలుగువాళ్లకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలి పనికి కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల వారసులు అక్కడున్నారు. ఉగాది అక్కడ దేశమంతా సెలవు. వాళ్లు వెళ్లిన రోజుల్లో, ఆ తర్వాత వందేళ్లకు పైగా కూడా, ఆ దేశం చెరకు ఒక్కదాని మీదే నడిచింది. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, తర్వాత నోబెల్ అందుకున్నాయన, ఆ దీవికి భవిష్యత్తు లేదన్నంత నిరాశగా నివేదిక రాశాడు. జనాభా పెరుగుతోంది, భూమి లేదు, చెరకు తప్ప పనిలేదు అని ఆయన లెక్క.

ఆ లెక్కను మారిషస్ తిరగరాసిన తీరులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒక్క విషయం. చెరకు బాగున్న రోజుల్లోనే చెరకు కానిదాని మీద డబ్బు పెట్టారు. 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక పారిశ్రామిక చట్టం తెచ్చి బట్టల మిల్లులను రప్పించారు. 1975 తర్వాత యూరప్ మంచి ధర గ్యారంటీ ఇచ్చి చక్కెర కొంటుంటే, ఆ లాభాలను చెరకు తోటల యజమానులే మిల్లుల్లో, బీచ్ హోటళ్లలో పెట్టారు. ఈ లాభం దేశం దాటి పోకపోవడం చిన్న విషయం కాదు. తర్వాత బ్యాంకింగు, విదేశీ పెట్టుబడుల సేవలు, ఆపైన ఎబెన్ అనే చోట సైబర్ సిటీ. మన దేశంతో ఉన్న పన్నుల ఒప్పందం వల్ల చాలా ఏళ్లు మనకు వచ్చే విదేశీ పెట్టుబడిలో పెద్ద వాటా మారిషస్ మీదుగానే వచ్చేది. దాని మంచిచెడ్డల మీద వాదనలున్నాయి, అది వేరే వ్యాసం. ఇక్కడ సంగతేమంటే మారిషస్‌లో టూరిజం చాలామందికి ఉపాధినిచ్చే పెద్ద రంగమే, కానీ హోటళ్లు మూసినంత మాత్రాన బ్యాంకులో ఉద్యోగి జీతం ఆగిపోదు, మిల్లులో మిషను ఆగిపోదు.

మాల్దీవులు కూడా ఇలాగే చేసుండాల్సింది అనడం తేలికే. అయితే మారిషస్‌కు భూమి ఒక్క ముక్కగా ఉంది, 12 లక్షల జనాభా ఉంది, మిల్లు పెడితే పనిచేయడానికి మనుషులున్నారు. 800 కిలోమీటర్ల పొడవునా చెల్లాచెదురైన దీవుల్లో ఒక్కో ఊరికి కొన్ని వందల మంది ఉంటే ఫ్యాక్టరీ ఎక్కడ పెడతారు? అందుకే మాల్దీవుల వంటి దేశానికి టూరిజం వద్దు, వేరేది చూసుకో అని చెప్పడం నాకు బాధ్యత లేని సలహాగా కనిపిస్తుంది. టూరిజంలోనే వాటా పెంచుకోవడం వాళ్లకు అందుబాటులో ఉన్న దారి.

మాఫుషి

ఆ దారిలో వాళ్లు వేసిన ఒక మంచి అడుగు గెస్ట్‌హౌస్‌లు. దాదాపు పాతికేళ్ల పాటు విదేశీ టూరిస్టులు జనం ఉండే దీవుల్లో బస చేయకూడదన్నది ప్రభుత్వ విధానం. టూరిస్టులు వాళ్ల దీవిలో, మనం మన దీవిలో అన్నట్టు. ముస్లిం దేశం కాబట్టి మద్యం, బికినీలు ఊళ్లోకి రాకూడదన్నది ఒక కారణం. ఆచరణలో మాత్రం దానివల్ల పెట్టుబడి ఉన్న కొద్దిమందికే లాభం దక్కింది. పక్క దీవిలో రాత్రికి వేల డాలర్ల గదులుంటే, ఇవతలి దీవిలోని కుటుంబానికి ఆ వ్యాపారంలో అణా వాటా లేదు. 2009 తర్వాత అప్పటి అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ ప్రభుత్వం ఆ నియమాన్ని సడలించింది.

మాలేకు 26 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాఫుషి అప్పటిదాకా జైలుకు పేరుపడ్డ ఊరు. 2010లో అక్కడ మొదటి గెస్ట్‌హౌస్ తెరుచుకుంది. ఇప్పుడు ఆ చిన్న దీవిలో పదుల సంఖ్యలో ఉన్నాయి. తమ ఇంటి మీద అంతస్తు వేసి గదులు కట్టినవాళ్లు, చేపల పడవను డాల్ఫిన్లు చూపించే పడవగా మార్చుకున్నవాళ్లు, ఇంటి ముందు టీకొట్టు పెట్టి పొద్దున్నే మస్‌హుని అమ్మేవాళ్లు కనిపిస్తారు. మస్‌హుని అంటే ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం కలిపి రొట్టెతో తినేది. ఇక్కడ టూరిస్టు రాత్రికి 50, 60 డాలర్లే పెట్టొచ్చు. కానీ ఆ గది ఊరివాళ్లది, లాభం ఊళ్లో ఖర్చవుతుంది, దాన్ని రుఫియాలోకి మార్చుకోక తప్పదు. రిసార్ట్ టూరిస్టు తెచ్చే డాలర్ల కంటే ఈ తక్కువ డాలర్లలో దేశానికి నిలిచే పాలు ఎక్కువని నా నమ్మకం.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. రిసార్టులో ఉద్యోగమంటే ఇల్లు వదిలి, దీవి వెనక భాగంలో ఉండే సిబ్బంది గదుల్లో నెలల తరబడి ఉండాలి. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడం కుదరదు. స్థానిక స్త్రీలు చాలా తక్కువమంది ఆ పనికి వెళ్తారు, మగపిల్లలు కూడా కొందరు వెనకాడతారు. విదేశీ కార్మికులు అంతమంది రావడానికి ఇదీ ఒక కారణం. ఊళ్లోనే గెస్ట్‌హౌస్ ఉంటే వంట చేసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.

దీనికీ ఇబ్బందులున్నాయి. చిన్న దీవి కింద ఇసుకలో వాననీరు పల్చని పొరగా నిలిచి ఉంటుంది, ఎక్కువ తోడితే ఉప్పగా మారిపోతుంది. చెత్త ఎక్కడ వేయాలన్నది తీరని సమస్య. మాలే చెత్తను 1992 నుంచి తిలఫుషి అనే మడుగులో పోసి, అదే ఒక దీవిగా తయారైంది. 2014 డిసెంబర్‌లో మాలే నీటి శుద్ధి ప్లాంటులో మంటలు రేగి లక్షమందికి పైగా తాగునీళ్లు లేకుండా పోతే మన వైమానిక దళ విమానాలు, నౌకాదళ ఓడలు నీళ్లు మోసుకెళ్లాయి. ఇంత సున్నితమైన చోట టూరిస్టులు 20 లక్షలు, 30 లక్షలు అంటూ లక్ష్యాలు పెట్టుకోవడం నాకు భయం కలిగిస్తుంది.

సంఖ్యను అదుపులో పెట్టి ధర పెంచడం ఇంకో పద్ధతి. భూటాన్ అదే చేసింది. 2022లో విదేశీ టూరిస్టు నుంచి రాత్రికి 200 డాలర్ల రుసుము పెట్టి, జనం రాక తగ్గిపోవడంతో ఏడాదికే 100కు దించింది. మనవాళ్లకు 1,200 రూపాయలు. భూటాన్ ఆ ప్రయోగం చేయగలిగింది ప్రధానంగా మనకు జలవిద్యుత్ అమ్మి బతుకుతుంది కాబట్టి. వేరే ఆదాయం లేనివాళ్లకు టూరిస్టును వద్దనే స్వేచ్ఛ ఉండదు. హిందూ మహాసముద్రంలోని మరో దీవుల దేశం సీషెల్స్ 2008లో విదేశీ బాండ్ల అప్పు కట్టలేక చేతులెత్తేసింది, అప్పుడూ అక్కడ బీచ్‌లు నిండుగానే ఉన్నాయి. కరెన్సీని బలవంతంగా ఒకే ధర దగ్గర పట్టి ఉంచడం అక్కడి రోగాల్లో ఒకటి. దాన్ని వదిలేసి, ఖర్చులు తగ్గించుకున్నాకే ఆ దేశం తేరుకుంది.

మాల్దీవుల ప్రభుత్వం రుఫియా ధరను ముట్టుకోలేదు. బియ్యం, మందులు, అన్నీ దిగుమతే కాబట్టి రుఫియా విలువ తగ్గిస్తే ఆ భారం ముందుగా పేదవాడి వంటింట్లో పడుతుంది. దానికి బదులు 2024 అక్టోబర్ నుంచి రిసార్టులు టూరిస్టుకు 500 డాలర్ల చొప్పున స్థానిక బ్యాంకుల్లో మార్చాలని నిబంధన పెట్టింది. గెస్ట్‌హౌస్‌లకు అది 25 డాలర్లే. రిసార్టుల యజమానులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత చేసిన చట్టంలో, అలా వద్దనుకుంటే రాబడిలో 20 శాతం మార్చే వెసులుబాటు ఇచ్చారు. నా మటుకు నాకు ఈ నియమం మొదటి లీజులు రాసినప్పుడే ఉండాల్సింది. అప్పుడైతే పెట్టుబడిదారుడు ఆ లెక్క వేసుకునే వచ్చేవాడు.

లీజు గడువు మొదట్లో కొద్ది దశాబ్దాలే. తర్వాత 50 ఏళ్లయింది, ఆపైన సవరణలతో 99 ఏళ్ల దాకా పొడిగించుకునే వీలొచ్చింది. దేశపు నేలలో 80 శాతం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు. 1998లో, 2016లో నీళ్లు వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లగా పాలిపోయాయి, దీవులను అలల నుంచి కాసేవి ఆ దిబ్బలే. ఇప్పుడు సంతకమయ్యే 99 ఏళ్ల లీజు 22వ శతాబ్దంలోకి వెళ్తుంది. అద్దె విస్తీర్ణాన్ని బట్టా రాబడిని బట్టా, లాభంలో స్థానికులకు వాటా ఉంటుందా, గట్లు కట్టే ఖర్చు ఎవరిది, డీజిల్ బదులు సౌరవిద్యుత్తు ఎప్పటికి తప్పనిసరి అన్నవన్నీ ఆ కాగితంలో ఇవాళ రాసుకోవాల్సిన షరతులు. ఒకసారి సంతకం అయ్యాక తిరిగి అడగడానికి మాలేలో ఏ ప్రభుత్వానికీ పెద్దగా బలం ఉండదు.